అగ్గిపెట్టెల్లో నెమలి రెట్టలు

ఆ రోజుల్లో అలసిపోవడానికి నాకు పెద్ద కారణాలేవీ అక్కర్లేదు. పొద్దున్నే లేవాలంటే అలసట, బస్సెక్కాలంటే అలసట, ఫలానా పని రేపటికి పూర్తి చెయ్యాలని ఎవరైనా గుర్తు చేస్తే మరీ అలసట. యాభైకి దగ్గరపడ్డాక ఇప్పుడు వయసు మీదికి నెట్టేస్తున్నాను గాని, తొంభైల చివర్లో, ఇరవై రెండేళ్ళ పశువైద్య విద్యార్థిగా ఉన్నప్పుడు నాకా సాకు కూడా లేదు. అలాంటివాణ్ణి వన్యప్రాణుల ఆరోగ్యం మీద పరిశోధన చేసే విద్యార్థులకిచ్చే ఒక అవార్డుకి దరఖాస్తు పెట్టానంటే, అది నా ఉత్సాహమని పొరబడకండి. అవార్డు వస్తే పై చదువుకి స్కాలర్‌షిప్పు వస్తుంది, రాకపోతే చదువు చాలించి దొరికిన ఉద్యోగంలో చేరాలని మా నాయన తీర్మానించాడు. ఉద్యోగంలో చేరితే రోజూ పని చెయ్యాలి. ఆ భయమే నన్ను శాస్త్రవేత్తని చేసింది.

నా అంశం నెమళ్ళ కడుపులో నులిపురుగులు. కోవిల్‌పట్టి చుట్టుపక్కల నల్లరేగడి చేలల్లో నెమళ్ళకి కొదవ లేదు. పిట్టని ముట్టుకోవాలంటే సవాలక్ష అనుమతులు గాని దాని రెట్ట ఏరుకోవడానికి ఎవరినీ అడగక్కర్లేదని మా ప్రొఫెసర్ గారి నమ్మకం. కాబట్టి నేను చెయ్యవలసింది ఇంతే. తెల్లవారకముందే చేలల్లోకి పోయి, నెమళ్ళు చెట్లు దిగగానే తాజా రెట్టలు ఏరి, కోవిల్‌పట్టి ఫోటో స్టూడియోలో అడుక్కున్న ఖాళీ ఫిల్ము డబ్బీల్లో వేసి, నంబర్లు రాసి, తడి ఇసుక పోసిన కుండలో చల్లగా దాచి, శనివారం శనివారం బస్సులో విరుదునగర్ తీసుకుపోవాలి. అక్కడి పశువుల ఆసుపత్రిలో మా కాలేజీలో నాకు సీనియర్ ఒకాయన డాక్టరుగా ఉండేవాడు. ఆయన దగ్గర మైక్రోస్కోపు ఉండేది (అందుకే ఆయన పేరు మైక్రోస్కోపన్న). మొదటి శనివారం కండక్టరు కుండలో ఏముందని అడిగాడు. నిజం చెప్పాను. అతను మరో మాట లేకుండా నన్ను వెనక సీటుకి పంపించి, సాత్తూరు దాటేదాకా నా పక్కన ఎవరినీ కూర్చోనివ్వలేదు. ఆనాటి నుంచి ఎవరడిగినా నిజం చెప్పడం మానేశాను.

సెలవుల్లో నేను మకాం పెట్టింది ఎట్టయాపురం పోయే దారిలో ఉన్న మా మేనత్త వాళ్ళ ఊళ్ళో. మా అత్త అగ్గిపెట్టెల కంపెనీ నుంచి అట్టలు తెచ్చుకుని, ఇంట్లోనే పెట్టెలు అతికి, బొమ్మల చీటీలు అంటించి ఇచ్చేది. చదువు రాదు. చుట్టూ తమిళమైనా ఇంట్లో మేము మాట్లాడుకునేది తెలుగే గాని, అది రాసే భాష అని మాలో చాలామందికి తెలియదు (నేను రాయడం నేర్చుకున్నది ఉద్యోగంలో చేరాక, ఒక ఆంధ్రా స్నేహితుడి పుణ్యాన. నా తెలుగు విని అతను మొదట నవ్వినంత నవ్వు నేనింకెక్కడా చూడలేదు). వెళ్ళిన రోజే అత్త అడిగింది.

"ఏమిరా అల్లుడా, ఇన్ని డబ్బీలు దేనికి?"

కాలేజీలో చదివే మేనల్లుడు, రెట్టలకని చెప్పడమెలా? "మరుందు పని అత్తా. నెమిలి రెట్టలో ఒక మరుందు ఉండాది. దాన్ని కనిపెడితే మద్రాసులో ప్రైసు ఇస్తారు" అన్నాను. మరుందంటే మా ఇళ్ళలో మందు. అత్త చేతిలోని జిగురు కూడా తుడుచుకోకుండా నా తల నిమిరింది. నెమలి మురుగన్ వాహనం, దాన్నుంచి మందు రాకుండా ఎట్లా పోతుందని ఆమె లెక్క.

మొదటి మూడు రోజులు నేనే లేచాను. నాలుగో రోజు అత్త లేపితే, "ఇంకొంచేపు" అన్నాను. ఐదో రోజు ఆమె లేపలేదు. నేను లేచేసరికి చేలన్నీ తిరిగొచ్చి, తాటాకు ముక్కతో ఎత్తిన రెట్టల్ని నేను నంబర్లు రాసి పెట్టిన డబ్బీల్లో వరసగా వేసి, చేతులు కడుక్కుని, పెట్టెలు అతుకుతూ కూర్చుంది. "నువ్వు పడుకోరా, చదివే పిల్లగాడివి. యే నెమిలి యాడ దిగతాదో నాకు తెలీదా?" అంది. నేనేమన్నా కాదన్నానా? ఆనాటి నుంచి నా పరిశోధన చాలా చురుగ్గా సాగింది. నేను నిద్రపోతుండగా.

ఇలా ఐదు వారాలు గడిచాయి. చిక్కేమిటంటే మైక్రోస్కోపు కింద పురుగులు కనబడటం లేదు. ఒకటీ అరా కనబడినా, అవార్డు ఇవ్వదగ్గవి కావు. "నీ నెమళ్ళు మనకంటే ఆరోగ్యంగా ఉన్నాయిరా" అని మైక్రోస్కోపన్న పెదవి విరిచాడు. అంతలో తొలి వానలు పడి విత్తులు మొదలయ్యాయి. ఆ వారమే చేలల్లో మూడు నెమళ్ళు చచ్చి కనబడ్డాయి. మా ప్రొఫెసర్ గారికి ఉత్తరం రాశాను. ఈ వారం రెట్టలు ప్రాణంలా చూసుకో, నీ అవార్డు వాటిలోనే ఉండవచ్చని ఆయన జవాబిచ్చారు. పైగా, అవార్డు కమిటీలోని ఒక పెద్దాయన మద్రాసు నుంచి విరుదునగర్ పని మీద వస్తున్నారనీ, వచ్చే ఆదివారం నా పని చూడటానికి నేనున్న ఊరికే వస్తారనీ రాశారు.

శనివారం నాకు జ్వరంలాంటిది వచ్చింది (నిజం జ్వరమో, ప్రయాణమంటే వచ్చే జ్వరమో ఈనాటికీ తేల్చలేను). విరుదునగర్ పోలేదు. కుండ ఇంట్లోనే ఉండిపోయింది. ఆదివారం పొద్దున తీరిగ్గా లేచి కుండ మూత తీశాను. తడి ఇసుక ఉంది. డబ్బీలు లేవు. వంటింట్లోకి పోతే గూట్లో వరసగా, తళతళలాడేట్టు కడిగి, ఒకదానిలో ఆవాలు, ఒకదానిలో మెంతులు, ఒకదానిలో ఇంగువ.

"అత్తా! డబ్బీల్లోది ఏమైంది?"

"ఒరే, తడిలో పెడితే బూజు పట్టదా? ముక్కు పట్టుకుని పోయేలాగ ఉండె. మరుందుకి పోయేది యేదైనా నీడలో ఆరబెట్టి ఎత్తిపెట్టాల కద. బుధవారం నుంచి మొట్టమాడి మీద ఆరబోసినాను. రా, చూద్దువు" అని డాబా మీదికి తీసుకుపోయింది. మిరపకాయలూ, గోరుచిక్కుడు వరుగులూ ఎండే చోట, పందిరి నీడలో, రెండు చేటల నిండా అగ్గిపెట్టెలు. తెరిచి చూస్తే ఒక్కోదానిలో వరుగులాగ ఎండిన రెట్ట. నంబర్లు లేవు. పెట్టెల మీద చిలుక, గుర్రం, ఓడ, తామరపువ్వు. ఎండిపోయాక పురుగుల లెక్క ఏ మైక్రోస్కోపుకీ అందదు. నాకు ఏడుపొచ్చింది. నిజంగానే, ఇరవై రెండేళ్ళ మగవాణ్ణి, చేటల పక్కన కూలబడి ఏడ్చాను. అత్తకేమీ అర్థం కాలేదు. నేను మందని చెప్పాను, ఆమె మందుకి చెయ్యవలసింది చేసింది. ఆమెనేమని తిట్టను?

సరిగ్గా అప్పుడే కింద కారు ఆగింది. మద్రాసు పెద్దాయన నిదానంగా మెట్లెక్కి వచ్చారు. నేను కళ్ళు తుడుచుకుని, నాకొచ్చిన ఇంగ్లీషంతా కూడగట్టి, ఇది నమూనాల్ని పొడిగా నిల్వచేసే ఒక కొత్త పద్ధతి అని చెప్పాను.

"ఎవరి పద్ధతి?" అన్నారాయన.

"మా అత్తది" అన్నాను. ఇంకేమీ తోచలేదు. అబద్ధం మొదలుపెట్టి సగంలో అలసిపోయాను. ఆ తర్వాత కుండ, మందు, నిద్ర, జ్వరం, అంతా కక్కేశాను. చెబుతుంటే అవార్డు నా చెయ్యి జారి పోవడం కళ్ళకి కట్టినట్టు కనబడుతోంది. ఆయన కోప్పడలేదు. అత్తవైపు తిరిగి, తమిళంలో, ఈ బొమ్మలెందుకమ్మా అని అడిగారు.

అత్త కూడా తమిళంలోకి మారి, కొంగు సర్దుకుని కూర్చుంది. నంబర్లు ఆమెకి రావు గనక, ఒక్కో చేలో దొరికినదాన్ని ఒక్కో బొమ్మ పెట్టెలో వేసిందట. చిలుకంటే బావి దగ్గర మిరప తోట. ఓడంటే చెరువు కింద కంబు, అంటే సజ్జ చేను. తామరంటే ఏమీ విత్తని బీడు. ఒక్కో పెట్టె తెరిచి పుల్లతో కదుపుతూ చెప్పుకుపోయింది. "ఇదిగోండయ్యా, మిరప గింజలు తెలుస్తుండాయే. ఇది కంబు పొట్టు. బీడులోది చూడండి, అంతా పురుగూ గడ్డీ. ఇప్పుడీ గుర్రం చూడండి." గుర్రం పెట్టెల్లో ఎండిన రెట్టల మధ్య గులాబీ రంగు తునకలు. "పురుగు తినకుండా ఎర్ర మరుందు పూసిన విత్తనం. పోయిన వారం విత్తిరి, మన్ను సరిగ్గా కప్పలేదు. చచ్చిన నెమిళ్ళు మూడూ ఆ చేల గట్టునే పడుండె. ఓడ పక్కన ఒకటీ లేదు, తామర పక్కన ఒకటీ లేదు."

పెద్దాయన పెన్ను తీశారు. తర్వాత గంటసేపు నేనక్కడ ఉన్న సంగతి ఇద్దరూ మరిచిపోయారు. ఆయన అడగడం, ఆమె చెప్పడం, ఆయన రాసుకోవడం. ఒక్కసారి మాత్రం ఆయన గాబరాపడ్డారు. ఎదురింటి తాత ఉబ్బసానికని అత్త ఒక గుర్రం పెట్టె పక్కన పెట్టిందట.

"ఆయన తినలేదు కదా?"

"ఇంకా లేదయ్యా. తేనె దొరకలే."

పోతూ పోతూ ఆయన నా భుజం మీద చెయ్యేసి, "పురుగుల్ని వదిలెయ్. గింజల గురించి రాయి. మిగతావి లాబులో చూపిద్దాం" అన్నారు. రాశాను. జీవితంలో మొదటిసారి, రాత్రీ పగలూ కాకపోయినా, పగలంతా కూర్చుని రాశాను. గుర్రం పెట్టెల్లో విషం ఉందని లాబులోనూ తేలింది. విత్తనాల మీద మన్ను బాగా కప్పమని మైక్రోస్కోపన్న ఊరూరా చెప్పాడు, కొందరు విన్నారు కూడా. అవార్డు వచ్చింది. స్కాలర్‌షిప్పు వచ్చింది. మా నాయన ఉద్యోగం మాటెత్తడం మానేశాడు.

ఇక్కడితో ఆపేస్తే హాయిగా నవ్వుకునే కథే. కాని ఆ వ్యాసం చివర కృతజ్ఞతలని ఒక పేజీ ఉంటుంది. అందులో మా ప్రొఫెసర్ గారిని తలుచుకున్నాను, పెద్దాయనని తలుచుకున్నాను, మైక్రోస్కోపన్ననీ, ఫోటో స్టూడియో యజమానినీ కూడా తలుచుకున్నాను. అత్త పేరు రాయలేదు. మరిచిపోయి కాదు. రాస్తే, ఎవరు, ఏం చేశారు అని ఎవరైనా అడుగుతారు. నేను నిద్రపోయిన సంగతి చెప్పాల్సివస్తుంది. నమూనాల సేకరణ అన్నచోట "నేను" అని రాసుకున్నాను.

ఆ పేజీ నాకు ముల్లులా గుచ్చుకుంటూనే ఉండేది. పదేళ్ళ తర్వాత, అప్పటికి నేనూ ఉద్యోగంలో చేరి రోజూ పని చేస్తున్నాను (చూశారా, ఎక్కడికి తప్పించుకుపోతాం), ఒకసారి ఊరికి పోయినప్పుడు ధైర్యం చేసి అత్తకి చెప్పేశాను. ఆమె పడీ పడీ నవ్వింది.

"నా పేరా? పెంటలో నా పేరు యెందుకురా? మంచిపని చేసినావు. మీ మామకి తెలిస్తే ఊళ్ళో తలెత్తుకుంటాడా?"

నా ప్రాణం కుదుటపడింది. ఇన్నేళ్ళు ఊరికే బాధపడ్డానే అనుకున్నాను. ఆమె నా పళ్ళెంలో ఇంకో దోసె వేసి, పొయ్యి దగ్గరికి పోయి, అటు తిరిగే అడిగింది.

"అయితే అందులో ఎవరెవరి పేర్లు వేసినావు?"

చెప్పాను. ప్రొఫెసర్ గారు, మద్రాసు పెద్దాయన, మైక్రోస్కోపన్న, స్టూడియో ఆయన.

అత్త దోసె తిరగేసింది. "ఓహో" అంది. "వాళ్ళంతా ఏరినారా?"

ఆ మాటలో కోపమేమీ లేదు. కారప్పొడి వెయ్యనా అని అడిగినంత మామూలుగా అడిగింది. నేను, ఆకలి లేకపోయినా, ఆ దోసె పూర్తిగా తిన్నాను. ఈమధ్య అవార్డుల కోసం పిల్లలు పంపే వ్యాసాలు చదివి మార్కులు వేసే పని నా నెత్తిన పడింది. నేను ముందు చదివేది చివరి పేజీనే. చాలావాటిలో పెద్ద పెద్ద పేర్లే ఉంటాయి. ఆ పిల్లల్ని తప్పుబట్టే మొహం నాకు లేదు గనక, మంచం మీద ముసుగు తన్ని పడుకున్న ఇరవై రెండేళ్ళవాణ్ణి తలుచుకుని నవ్వుకుంటూ, మార్కులు వేసేస్తుంటాను.