బాబాయి చివరి పగడాల పాఠం

మొన్న దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక నగల కొట్టుకు వెళ్లాను. మా ఆడపడుచును పగడం ఉంగరం పెట్టుకోమని ఎవరో జ్యోతిష్కుడు చెప్పాడట, తోడు రమ్మంది. కొట్టులో అబ్బాయి ఎర్రటి పగడాన్ని నా అరచేతిలో పెట్టి, "జాతి రాయి మేడం" అన్నాడు. "రాయి కాదు నాయనా, సముద్రంలో ఒక ప్రాణి కట్టుకున్నది" అనేశాను. ఆడపడుచు మోచేత్తో పొడిచింది. నిజానికి ఆ మాట నాది కాదు, మా బాబాయిది.

బాబాయి అంటే మా పిన్ని భర్త. కాకినాడ వైపు నుంచి వచ్చి మన్సూరాబాద్‌లో స్థిరపడి, దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో ఉద్యోగ పరీక్షలు రాసేవాళ్లకు భూగోళం చెప్పేవాడు. హాలు నిండా పిల్లలు, మైకు ఒకరోజు పలికితే రెండు రోజులు పలికేది కాదు. ఆయనకు దాంతో పనీ లేదు. రెండో అంతస్తులో పాఠం చెబితే కింద టీ కొట్టుదాకా వినిపించేది. ఆ టీ కొట్టాయన నేలల రకాలన్నీ తప్పు లేకుండా అప్పచెబుతాడని పిన్ని నవ్వేది. అలాంటి గొంతులో గడ్డ లేచింది. ఆపరేషన్ చేస్తే ప్రాణానికి భయం లేదు గానీ, మాట సంగతి చెప్పలేమన్నారు డాక్టర్లు. ముందురోజు ఆఖరి క్లాసు చెప్పి వస్తానని ఆయన పట్టుబట్టాడు. అప్పట్లో వాళ్లింట్లోనే ఉన్న నేను స్కూటీ మీద తీసుకెళ్లాను. పిన్ని కోపంగానే గారెల డబ్బా కట్టిచ్చింది.

ముఖ్యమైన ప్రశ్నలు చెప్పి ముగించమన్నాడు సెంటర్ యజమాని. బాబాయి సరేనన్నాడు. ఇంతలో నల్లగొండ పల్లె నుంచి వచ్చి అల్మాస్‌గూడలో కిరాయికుండే ఒకమ్మాయి లేచింది.

"సార్, నేను సముద్రమే చూడలే. గీ పగడపు దిబ్బ ఎట్లుంటదో ఎట్ల సమజైతది?"

బాబాయి చేతిలో కాగితం పక్కన పెట్టేశాడు. "గుల్లలు కొట్టుకొచ్చి కుప్పపడితే అది ఉత్త దిబ్బేనమ్మా. పగడపు ప్రాణులు బతికిన చోటే సున్నంతో గూడు కట్టుకోవాలి. అవి చచ్చాక ఆ గూళ్ల మీదే వాటి పిల్లలు కట్టుకోవాలి. అలా లేచింది అలల దెబ్బకు నిలబడాలి. అప్పుడే అది పగడపు దిబ్బ" అన్నాడు. డబ్బాలోంచి ఒక గారె తీసి బొటనవేలికి తొడిగాడు. పిల్లలు నవ్వారు. "ఈ వేలు సముద్రంలో అగ్నిపర్వతం. చుట్టూ పగడాలు. ఇప్పుడు కొండ కుంగుతోంది, చూడండి." వేలు మెల్లగా కిందికి జారింది. "పగడాలకు ఎండ కావాలి. కొండ దిగేకొద్దీ అవి పైకి కట్టుకుంటూనే ఉంటాయి, ఏడాదికి గోరు మందాన. కొండ మునిగిపోతుంది. నీళ్ల చుట్టూ ఈ వలయం మిగులుతుంది." ఆ గొంతు అప్పటికే గరగరలాడుతోంది. ఒక్కరూ నవ్వలేదు.

ఆపరేషన్ అయ్యాక ఆయనకు గుసగుస ఒక్కటే మిగిలింది. మనుషులు వస్తే లోపలి గదిలోకి వెళ్లిపోయేవాడు. అలా కొన్నేళ్లు గడిచాక ఆ అమ్మాయి ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. తుర్కయంజాల్ దగ్గర బడిలో టీచరైందట.

"రేపు మా పిల్లలకు పగడాల పాఠం సార్. మీరు రావాలె."

"మాట రాని మాస్టరెందుకమ్మా?" అన్నాయి బాబాయి పెదవులు.

"మీరు నా చెవుల చెప్పుండ్రి. నేను గట్టిగ చెప్త."

ఆయన పిన్నిని ఇస్త్రీ చొక్కా తీయమన్నాడు.

మర్నాడు బడికి ఆయనను నేనే తీసుకెళ్లాను. పాఠం అలాగే సాగింది, గుసగుస ఆయనది, గొంతు ఆమెది. చివర్లో ఒక పాప అడిగింది. "మన దిక్కు గూడ సముద్రముండెనా సార్?" బాబాయి వంగి, పిల్లలు కూర్చున్న షాబాదు బండ మీద అరచెయ్యి ఆనించి, టీచరమ్మ చెవిలో ఏదో చెప్పాడు. ఆమె కళ్లు పెద్దవి చేసి బండను చూసి, పిల్లల వైపు తిరిగింది.

"గీ బండ ఒకప్పుడు సముద్రం అడుగున పేరుకున్న సున్నపు బురదంట. అప్పటికి లోకంల పగడాలే ఇంక పుట్టలేదంట!"

ఒక పిల్లవాడు చప్పున లేచి తను కూర్చున్న చోటు చూసుకున్నాడు. తర్వాత అందరూ లేచారు, దేనినో తొక్కినట్టు. బాబాయి నవ్వాడు, చప్పుడు లేకుండా. నేను చెప్పులోంచి పాదం తీసి బండకు ఆనించాను, చల్లగా తగిలింది. అప్పటికి నాకు యాభై దాటాయి, కాలం చాలానే చూశానని ఎవరికైనా చెబుతూ ఉండేదాన్ని. ఆ రోజు తర్వాత ఆ మాట అనడానికి నోరు రాలేదు.