పెళ్ళి గుర్రానికి వీపు నొప్పి

మా ఇంట్లో గుర్రం ఉందని చెబితే ఖమ్మంలో ఉన్న మా చుట్టాలు మమ్మల్ని కాస్త గొప్పవాళ్ళ కిందే లెక్కేస్తారు. ఒకసారి వచ్చి చూసి పోయాక లెక్క మార్చుకుంటారు. తల్లాడ నుంచి కొత్తగూడెం పోయే దారిలో, పత్తి చేలు అయిపోయి అడవి మొదలయ్యే చోట మా ఊరు. రెండు గదుల ఇల్లు, ముందు రేకుల వసారా. వసారాలో ఒక పక్కన నా కుట్టు మిషను, దానికి ఎదురుగా పాకలో గుర్రం. నేను తలెత్తితే అది కనపడుతుంది, అది తలెత్తితే నేను కనపడతాను. ఈ ఏర్పాటు మా ఇద్దరికీ నచ్చలేదు.

అది ఆడ గుర్రం, తెల్లది. పెళ్ళికొడుకులను ఊరేగించడానికి కొన్నది. మా ఆయన అంతకుముందు ఆటో నడిపేవాడు. ఎవరిదో పెళ్ళిలో బరాత్ చూసి వచ్చి, ఆటో అమ్మేసి దీన్ని తెచ్చాడు. "ఆటోకు డీజిల్ పొయ్యాలె, దీనికి గడ్డేస్తే సాలు" అన్నాడు. దాణా గురించి, లాడాల గురించి, పశువుల డాక్టరు గురించి ఆ రోజు ఒక్క మాటా రాలేదు.

గుర్రాన్ని ఒకరి దగ్గర కొన్నాడు, జీను ఇంకొకరి దగ్గర. ఆ జీను చనిపోయిన ఇంకో గుర్రానిది. లోపల కొయ్య, పైన ఎర్ర మఖమలు, అంచుల వెంట వెండి రంగు జరీ, రెండు వైపులా రెండు నెమళ్ళు. ఫొటోల్లో మెరుస్తుందని తీసుకున్నాడట. దీని వీపు మీద ఒకసారి పెట్టి చూశావా అని అడిగాను.

"జీను జీనే కదనే. చెప్పులా, సైజు చూస్కోనీకి?"

నేను జాకెట్లు కుట్టి బతికేదాన్ని. నా ముందే సైజు గురించి ఇలా మాట్లాడే ధైర్యం కట్టుకున్నవాడికి తప్ప ఇంకెవరికీ ఉండదు.

గుర్రాన్ని ముస్తాబు చేయడం మా అత్తమ్మ పని. ఎవరూ అప్పజెప్పలేదు, ఆమే తీసుకుంది. మామయ్య పోయాక ఆమె మాటలు తగ్గించేసింది. తిన్నావా అంటే తల ఊపేది, చర్చికి పోయి వచ్చేది, అంతే. గుర్రం వచ్చాక మళ్ళీ మాట్లాడటం మొదలుపెట్టింది, గుర్రంతో. ఏం కూర వండామో, చర్చిలో పాట ఎవరు శ్రుతి తప్పి పాడారో, పొద్దున నేను ఆమెను ఏమన్నానో, అన్నీ పాకలో నిలబడి చెప్పేది. నా మీద చాడీలు నా కళ్ళెదుటే, నాకు వినపడేంత గట్టిగా చెప్పేది. గుర్రం ఒక చెవి అటు తిప్పి గడ్డి నములుతూ వినేది. ఆదివారం ఆరాధన అయ్యాక ప్రార్థన చేయించిన కొబ్బరి నూనె సీసా తెచ్చి దాని నుదుట రాసేది. పెళ్ళికి పోయే రోజు వీపు మీద దుప్పట్లు పరిచి, దాని మీద జీను వేసి, మంచిగ పోయి రా బిడ్డా అని పంపేది. నన్ను బజారుకు పంపేటప్పుడు ఇంత మర్యాద ఎప్పుడూ జరగలేదు.

మొదటి సీజను బాగానే గడిచింది. తర్వాత తర్వాత గుర్రం తీరు మారింది. జీను కంటపడితే చెవులు వెనక్కి పెట్టేది. పొట్ట కింద పట్టీ బిగిస్తుంటే మెడ తిప్పి కరవబోయేది. వీపు మీద చెయ్యి వేస్తే చర్మం జలదరించేది. అత్తమ్మను తప్ప అందరినీ ఏదో ఒకసారి కరిచింది.

"పొగరెక్కింది" అన్నాడు మా ఆయన. "బరాతులల్ల అందరు పూలేసుడు, పక్కన నిలబడి ఫొటోలు దిగుడు. గిట్ల జేస్తే ఎవరికైనా ఎక్కుతది."

ఈ పొగరు సంగతి పోయిన ఏడాది ముదిగొండ వైపు ఒక పెళ్ళిలో తేలింది. పెళ్ళికొడుకు మంచి భారీ మనిషి. కుర్చీ వేసి ఎక్కించారు. నాలుగడుగులు వేసిందో లేదో, గుర్రం వీపు వంచి, పక్కకు తిరిగి, రోడ్డు పక్కన కల్లంలోకి దిగింది. కల్లం నిండా ఎండబోసిన మిరపకాయలు. అక్కడ ఒక్క విదిలింపు విదిలించింది. పెళ్ళికొడుకు మిరపకాయల మీద పడ్డాడు. తేజ రకం.

దెబ్బలేమీ తగల్లేదు. కళ్ళు మాత్రం తాళి కట్టేదాకా కారుతూనే ఉన్నాయి. అప్పగింతల్లో పెళ్ళికూతురి కన్నా పెళ్ళికొడుకే ఎక్కువ ఏడ్చాడని ఆ ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారట. కల్లం రైతు మాత్రం మా ఆయన్ను నిలబెట్టి, కాయల్లో పడ్డ జరీ పోగులు, గులాబీ రేకులు ఏరించి పంపించాడు.

ఇంటికి వచ్చి గుర్రాన్ని అమ్మేస్తున్నానన్నాడు. ఖమ్మంలో ఒక మనిషితో మాట్లాడాడు. మట్టల ఆదివారం ఊరేగింపుకు గుర్రాన్ని పంపుతామని చర్చిలో ముందే మాటిచ్చాం కాబట్టి, అది కానిచ్చి మర్నాడు సోమవారం వచ్చి తీసుకుపొమ్మన్నాడు. ఆ రోజు ప్రభువు యెరూషలేముకు ఎక్కి వచ్చింది బైబిల్లో గాడిదే, కానీ మా మండలంలో గాడిద దొరకడం లేదు. ఏటా పాస్టరుగారు మా గుర్రమే ఎక్కుతారు.

అత్తమ్మ ఈ మాట వింది. పాకలోకి పోయి స్తంభానికి ఆనుకుని కూర్చుంది. అన్నానికి పిలిస్తే రాలేదు. మర్నాడూ అంతే. నేను మిషను తొక్కుతూ చెవి అటే వేసి ఉంచాను. నా మీద ఏమైనా చెబుతుందేమోనని చూశాను. గుర్రంతో కూడా మాట్లాడటం లేదు. అప్పుడు నాకు భయం వేసింది. ఆ గుర్రం అంటే నాకు ఏనాడూ ఇష్టం లేదు, కానీ ఆ పాక ఖాళీ అయితే ఈ మనిషి మళ్ళీ నోరు మూసుకుంటుంది, ఈసారి తెరవదు. ఈ ఇంట్లో ఆ మౌనం పక్కన కూర్చుని జాకెట్లు కుట్టాల్సింది నేనే.

పశువుల దవాఖానాకు ఫోన్ చేశాను. డాక్టరు సారు బండి మీద వచ్చాడు. ఎక్కువగా బర్రెలను, మేకలను చూసే మనిషినని ముందే చెప్పి మరీ చూశాడు. వెన్నెముకకు రెండు పక్కలా బొటనవేళ్ళతో నొక్కుకుంటూ వచ్చాడు. మెడ కింద, భుజాల దగ్గరికి రాగానే గుర్రం వీపు కిందికి కుంగి, పళ్ళు బయటపెట్టింది.

"ఇది పొగరు కాదమ్మా, నొప్పి" అన్నాడు. "జీను ఇక్కడ పట్టేస్తున్నది. మామూలుగైతే పట్టిన కాడ తెల్ల వెంట్రుకలు వస్తయి, చూడంగనే తెలుస్తది. మీదేమో తెల్ల గుర్రం."

"మెత్తగ ఉండాలని కింద మస్తు పరిచినం సార్" అన్నాడు మా ఆయన.

"ఏమో మరి, జీను అయితే సరిపోతలేదు. కొన్ని రోజులు ఎవ్వరిని ఎక్కనియ్యకున్రి." మందు ఇచ్చి వెళ్ళిపోయాడు. అమ్మేసేదానికి కొత్త జీను ఎందుకని మా ఆయన కూడా బయటికి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం అత్తమ్మ మట్టల పండక్కి పాటలు నేర్చుకోవడానికి చర్చికి పోయినప్పుడు, నేను మొదటిసారి పని పెట్టుకుని పాకలోకి వెళ్ళాను. గుర్రం నన్ను చూసింది. నేను జీనును చూశాను. దాని కింద వేసే దుప్పట్లు మడతపెట్టి, గోనెసంచి సూదితో చుట్టూ కుట్టి ఉన్నాయి. నాలుగు దుప్పట్లు. ఆ చారలు నాకు తెలుసు. ప్రతి క్రిస్మస్‌కు మా చర్చిలో భర్త లేని ఆడవాళ్ళకు తలా ఒక దుప్పటి ఇస్తారు. ఇవి అవే. ఏటా చలికాలంలో ఆమె రెండు పాత చీరలు కప్పుకుని పడుకుంటుంటే, కొత్త దుప్పటి ఏది అత్తమ్మా అని అడిగేదాన్ని. "ఉన్నది తియ్యి" అనేది. మధిరలో ఉన్న కూతురికి పంపేస్తోందని నేను అనుకున్నాను. ఆ కోపంతో మా ఆడబిడ్డకు రెండు జాకెట్లు బిగుతుగా కుట్టాను కూడా.

దుప్పట్లను వేళ్ళ మధ్య నొక్కి మందం చూశాను. చంకలో పడుతోందని తెచ్చిన జాకెట్టుకు, మెత్తగా ఉండాలని లోపల నాలుగు గుడ్డలు వేసి కుడితే ఏమవుతుందో నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. బట్టలారేసే లావు తీగ ముక్క ఒకటి తెచ్చి, గుర్రం భుజాల మీదుగా ఆ వంపు వచ్చేలా వంచాను. అది కరవలేదు, ఎందుకో తెలీదు. ఆ తీగను జీను తిరగేసి లోపల పెట్టి చూశాను. చక్కగా కూర్చుంది, పైన రెండు వేళ్ళు పట్టే సందు కూడా ఉంది. దుప్పట్లు పెట్టి చూస్తే తీగ దూరడం లేదు. జీను తప్పేమీ లేదు. మొదటి ఏడు ఒక్క దుప్పటితో సరిగానే ఉండేది. గుర్రం కొంచెం ఇబ్బంది పడటం చూసి ఆమె ఇంకొకటి వేసింది. ఇంకాస్త పట్టేసింది, ఇంకొకటి వేసింది.

మా ఆయన వచ్చాక తీగ పెట్టి చూపించాను. ఆయన ఒకటికి రెండుసార్లు తనే పెట్టి చూసుకున్నాడు. తర్వాత గడప మీద కూర్చుండిపోయాడు.

"అమ్మకు ఎట్ల చెప్తవే?"

"నేనా?" అన్నాను. ఇంట్లో నోరున్నదాన్ని నేనే కదా అన్నట్టు చూశాడు.

చెప్పలేకపోయాను. మర్నాడు కుట్లు ఊడదీసి, దుప్పట్లు నాలుగూ ఉతికి తీగ మీద ఆరేశాను. అత్తమ్మ చేతిలో ఈత మట్టలతో ఇంటికి వచ్చి, వాటిని చూసి ఆగిపోయింది.

"ఎందుకు ఇప్పినవ్?"

"మాసినయ్ అత్తమ్మా."

"నాలుగేండ్ల సంది మాసే ఉన్నయ్." మిషను మీద పడి ఉన్న వంకర తీగను తీసి చూసింది. ఎండలో ఊగుతున్న దుప్పట్లను చూసింది. ఆమె తెలివితక్కువ మనిషి కాదు. "నేను ఏసినందుకేనా దానికి నొప్పి?"

"కాదు. ఆ జీను కుట్టినోడికి కొలతలు రావు."

"నీకు అబద్ధమాడుడు రాదు పిల్లా" అని, మట్టలు నా చేతికిచ్చి పాకలోకి వెళ్ళింది. గుర్రం వీపు మీద రెండు చేతులూ పెట్టి, కళ్ళు మూసుకుని, పైకే ప్రార్థన చేసింది. తెల్వక చేసిన, తప్పు క్షమించు అంది. దేవుణ్ణి అడుగుతోందో గుర్రాన్ని అడుగుతోందో అర్థం కాలేదు. గుర్రం చర్మం ఒకసారి జలదరించింది, కానీ అది కదలకుండా నిలబడింది. నాకు ఏడుపు వచ్చింది. దగ్గర్లో మిరపకాయలేమీ లేవు.

ఆ మట్టల ఆదివారం గుర్రం జీను లేకుండా, ఒట్టి వీపుతో ఊరేగింపులో నడిచింది. పాస్టరుగారు పక్కన తాడు పట్టుకుని నడిచారు. ఆ గాడిదకు నొప్పి ఉంటే ప్రభువైనా దిగి నడిచేవాడే అని ప్రసంగంలో చెప్పారు. చెమట తుడుచుకుంటూ చెప్పారు గానీ మనస్ఫూర్తిగానే చెప్పారు. సోమవారం ఖమ్మం నుంచి వచ్చినాయనకు మా ఆయన టీ ఇప్పించి, గుర్రం అమ్మడం లేదన్నాడు. డాక్టరు బాగవుతుందన్నాడా అని ఆయన అడిగితే, "డాక్టరు నొప్పి అన్నడు, మా టైలరు బాగైతదన్నది" అన్నాడు.

బాగైంది. వానలు పోయి మళ్ళీ ముహూర్తాలు వచ్చేసరికి ఒక్క పలచటి బొంత కుట్టి ఇచ్చాను. పెళ్ళికొడుకులు ఎక్కుతున్నారు, దిగుతున్నారు. అత్తమ్మ పాకలో మళ్ళీ చాడీలు మొదలుపెట్టింది. నేను మిషను ఆపి వింటుంటాను.

మొన్న క్రిస్మస్‌కు ఆమెకు మళ్ళీ దుప్పటి ఇచ్చారు. చంకలో పెట్టుకుని వచ్చి పాక ముందు కాసేపు నిలబడింది. కప్పుకో అత్తమ్మా అన్నాను, పాత నాలుగూ ఉన్నాయి కదా అంది. తర్వాత నా దగ్గరికి వచ్చి, లెమ్మని, దాన్ని నాలుగు మడతలు పెట్టి మిషను ముందున్న నా స్టూలు మీద వేసింది. "పొద్దుమాపు ఒట్టి కట్టె మీద కూసుంటున్నవ్, మెత్తగుంటది" అంది.

స్టూలు ఎత్తయింది. మిషను మీదికి వంగి కుట్టాల్సి వస్తోంది. నెల తిరక్కుండానే నడుం నొప్పి పట్టుకుంది. ఈ మాట ఇంట్లో ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. డిసెంబరులో ఇంకొకటి ఇస్తారు.