ఈ పక్క నీ ఇష్టం

ఆ సెలూన్లో కటింగ్ చేసే ఆమెని అందరూ మొండి అనేవారు. ఊరికే అనలేదు లెండి. గోడకి ఓనరు తగిలించిన చార్టులో ఉన్న కటింగుల్లోనే ఏదో ఒకటి చెయ్యాలి, అంతే. వచ్చిన తల గుండ్రమో కోలో, జుట్టు ఉంగరాలో చీపురుపుల్లలో ఎవరికి కావాలి? మొండి ఒప్పుకునేది కాదు. అందరి తలలూ ఒకే మూసలో పొయ్యాలంటే కత్తెరెందుకు, గిన్నె బోర్లిస్తే సరిపోతుందిగా అని ఓనరు మొహాన్నే అనేసింది. ఆయనకి ఒళ్ళు మండింది. ఇప్పుడొచ్చే మనిషికి నీ సొంత కటింగ్ చెయ్యి, నచ్చితే నీ కుర్చీ జోలికి రాను, నచ్చకపోతే బయటికి నడువు అన్నాడు.

తలుపు తోసుకుని టీచరమ్మ వచ్చింది. మొండి ఉసూరుమంది. ఏళ్ళ తరబడి చెవులు కప్పేసే ఒకే కటింగ్ చేయించుకునే మనిషి ఈవిడ. ఎడమచెవిలో వినికిడి మిషను ఉంది. అది తీసేస్తే ఉత్త కుడిచెవితో మాటలు సరిగ్గా అందవు. తల కడిగేముందు ఎప్పటిలాగే ఎవరూ చూడకుండా దాన్ని తీసి మొండి చేతిలో పెట్టింది. ఆ సంగతి ఆ గదిలో మొండికి తప్ప ఎవరికీ తెలియదు.

తడిజుట్టు దువ్వుతుంటే మొండికి చేతులు ఊరుకోలేదు. ఎంత చక్కని మెడ! చెవులు బయటపెట్టి పొట్టిగా కత్తిరిస్తే మొహం వెలిగిపోతుంది. "మేడమ్, ఈసారి పొట్టిగా కత్తిరించనా?" అని అడిగింది. టీచరమ్మ నవ్వి తలూపింది.

"సరే అన్నారుగా, కానివ్వు," అన్నాడు ఓనరు చేతులు కట్టుకుని. మిగతా కుర్చీలవాళ్ళంతా ఇటే చూస్తున్నారు.

మొండి కత్తెర తెరిచింది. ఆ తల ఊపడం ఆమెకి బాగా తెలుసు. మాట వినపడనప్పుడల్లా టీచరమ్మ అలాగే నవ్వి, అలాగే ఊపుతుంది. కత్తిరించేస్తే అడిగే నాథుడు లేడు. ఇంతమంది చూశారు, కుర్చీ దక్కుతుంది. తర్వాత ఈవిడ అద్దంలో చూసుకుని చెవి తడుముకుంటే? కత్తెర మూసి, తువ్వాలు చాటున మిషను ఆవిడ అరచేతిలో పెట్టింది. ఆవిడ పెట్టుకున్నాక వంగి మళ్ళీ అడిగింది, చెవులు కనిపిస్తాయని కూడా చెప్పింది.

టీచరమ్మ మొహం పాలిపోయింది. "వద్దమ్మా," అంది.

ఓనరు నవ్వాడు. మొండికి ఏడుపొచ్చినంత పనైంది. ఏం చేస్తుంది, ఎప్పటిదే చేసేసి ఇంటికి పోదామనుకుని ఎడమవైపు కొసలు సరిచేసింది. కుడివైపుకి రాగానే టీచరమ్మ ఆమె మణికట్టు పట్టుకుంది.

"ఈ చెవిలో ఏమీ లేదుగా. ఈ పక్క నీ ఇష్టం."

ఒక్క పక్కే! అలాంటి కటింగ్ చార్టులో లేదు సరికదా, మొండి బుర్రలోనూ లేదు. కుడివైపు చెవి పైదాకా ఎత్తేసి, మెడ మీదుగా ఏటవాలుగా దించి, ఎడమవైపు పొడుగ్గా వదిలింది.

టీచరమ్మ అద్దంలో అటూ ఇటూ తిరిగి చూసుకుంది. కుడిచెవి తడుముకుని, "దీనికి గాలి తగిలి ఎన్నాళ్ళయిందో," అంది. కళ్ళు తడిశాయి.

ఓనరు అంతటితో ఊరుకుంటేగా! ఫోన్ తీసి, ఒక ఫొటో కొట్టి చార్టులో పెడదాం, రేపటి నుంచి అందరూ ఇదే చెయ్యాలి అన్నాడు.

మొండి వెళ్ళి ఆయనకీ కుర్చీకీ మధ్య నిలబడింది.

"పెట్టకండి సార్. అది ఆవిడ జుట్టు, ఇంకెవరికీ కుదరదు. మీరు మాటిచ్చారు. ఇది నా కుర్చీ."

ఆయన ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. మొండి వెనక్కి తిరిగి టీచరమ్మ మెడ మీద అంటుకున్న వెంట్రుకలు దులిపింది.