ముందు దిగేది పైనుండాలి

నెల సరుకులు సంచిలో సర్దేటప్పుడు మా ఇంట్లో నన్ను దగ్గరికి రానివ్వరు. టమాటాల మీద గోధుమపిండి పెడతానట. ఒక్కసారే పెట్టాను. (సరే, రెండుసార్లు.) మనిషి మారతాడన్న నమ్మకం కుటుంబాల్లో బొత్తిగా తగ్గిపోయింది.

ఇరవయ్యేళ్ల వయసులో సర్దడం గురించి నాకు తెలియనిది లేదు మరి. గుంటూరులో మెకానికల్ ఇంజనీరింగ్ వెలగబెడుతున్న రోజులవి. బరువు పైకెక్కేకొద్దీ బండి ఎందుకు బోల్తా పడుతుందో బొమ్మ గీసి, బాణం గుర్తులు పెట్టి, పదికి తొమ్మిది మార్కులు తెచ్చుకున్నవాణ్ణి. అది పరీక్షలో పడే బండి మాత్రమేనని నా ఉద్దేశం. ఒకసారి సెలవులకు ఊరొచ్చేసరికి మా బాబాయి ట్రాక్టరు ట్రక్కుకు లోడెత్తుతున్నాడు. వడ్లబస్తాలు పొన్నూరు మిల్లులో దించాలి, మిరపకాయ గుంటూరు యార్డుకు పోవాలి. “ఒరేయ్, వడ్లు అడుగునెయ్యాలి. పైనేస్తే కాయ నలిగిపోద్ది” అన్నాడు బాబాయి. “పొన్నూరులో వడ్లు దించాలంటే మిరపకాయంతా దించి మళ్లీ ఎక్కిస్తావా బాబాయ్? ముందు దిగేది పైనుండాలి. దీన్నే ప్లానింగ్ అంటారు” అన్నాను. “చదువుకున్నోడివి, నీ ఇష్టం” అని ఆయన అలవాటు ప్రకారం మోకు పట్టుకుని లోడు మీదెక్కి కూర్చున్నాడు. తోలింది నేనే.

పొన్నూరు ఇంకా కొంచెం దూరం ఉందనగా మలుపులో బస్సు ఎదురైంది. వేగం తగ్గిస్తే సరిపోయేది. నేను స్టీరింగు పక్కకు కోశాను. ట్రక్కు ఎడమ చక్రం రోడ్డు పక్క మెత్తటి మార్జిన్లోకి దిగింది. ట్రక్కు తొందరేమీ లేకుండా, ఆలోచించుకుని మరీ, పక్కనున్న పత్తి చేలో పడుకుంది. ట్రాక్టరు నిలబడింది. నేనూ నిలబడ్డాను. బాబాయి కనబడలేదు. “బాబాయ్!” అన్నాను. పలకలేదు. మిరప ఘాటుకు కళ్లు తెరుచుకోవడం లేదు. (కన్నీళ్లన్నీ ఘాటువేనని చాలా ఏళ్లు చెప్పుకున్నాను.) వడ్లబస్తాలను చేతులతో లాగుతున్నాను, ఒక్కటీ కదలదు. బరువు అంటే ఏమిటో బొమ్మ లేకుండా అర్థమైంది. అప్పుడు వెనక పత్తిమొక్కల్లోంచి ఒక తుమ్ము. తర్వాత ఇంకొకటి. అంత చక్కటి తుమ్ములు నేను మళ్లీ వినలేదు. బాబాయి విరిగిన చెయ్యి రెండో చేత్తో పట్టుకుని లేచి కూర్చుని, “ముందు దిగేది పైనుండాలన్నావుగా. దిగాను” అన్నాడు.

ఇప్పుడు నాకో కారుంది. బోల్తా పడకుండా అందులో ఏవేవో ఉన్నాయని కొనేటప్పుడు గంటసేపు చెప్పారు. మొన్న బాబాయిని ఎక్కించుకుని అదే దారిలో వెళుతూ అవన్నీ ఆయనకు వివరించాను. నలభై దాటకుండా తోలాను కూడా. ఆ ఇరవయ్యేళ్ల కుర్రాడైతే నన్ను చూసి నవ్వేవాడు. పాపం, వాడు వాడి తొమ్మిది మార్కులను ఎంత నమ్మాడో! సరిగ్గా ఆ మలుపు దగ్గర బాబాయి ఆపమన్నాడు. బెల్టు విప్పుకుని దిగి, పంచె సర్దుకుని, మలుపు చివరిదాకా నడిచి వెళ్లి అక్కడ నిలబడ్డాడు. నేను మెల్లగా మలుపు తిప్పుకుని వెళ్లి తలుపు తీశాను. “ఇంత మంచి బండి బాబాయ్, ఇంకా భయమేంటి?” అన్నాను.

“బండి మంచిదేరా. నేను దిగింది నిన్ను చూసి.”