రేపటికి వదిలిన పిందెలు

2003 జూలైలో నన్ను మదనపల్లె నుంచి కుప్పానికి బదిలీ చేశారు. హోదా ఫీల్డ్ మేనేజర్. అంతకుముందు పన్నెండేళ్లు పుంగనూరు, మదనపల్లె చుట్టుపక్కల టమోటా రైతులతో పనిచేసినవాణ్ణి కాబట్టి కూరగాయల సంగతి నాకు చెప్పేవాడెవడన్న ధీమా ఉండేది. కుప్పంలో మాది గెర్కిన్ ఫ్యాక్టరీ. రైతుల దగ్గర కాయ కొని, ఉప్పు, వెనిగర్ కలిపిన నీళ్లలో ఊరబెట్టి, బారెళ్లలో విదేశాలకు పంపుతుంది.

గెర్కిన్ అంటే వేలెడంత దోసకాయ. దాన్ని పిందెగా ఉన్నప్పుడే కోయాలి. కిలోకు నూట అరవైకి పైగా కాయలు తూగితే మొదటి గ్రేడు. ఒక్క రోజు ఆలస్యమైతే గ్రేడు పడిపోతుంది, మూడో రోజుకు పశువులకు వేయాల్సిందే. అలాగని మరీ ముందు కోసినా పనికిరాదు. పువ్వు తాజాగా అంటుకుని ఉన్న పూపిందె ఊరబెట్టిన నీళ్లలో మెత్తబడి ముడతలు పడుతుంది. కాయ లావు కొలవడానికి రంధ్రాలున్న ఇనుప పలక ఒకటి ఉండేది. గేజ్ అనేవాళ్లం. అది చేతిలో లేకుండా నేను పొలంలో అడుగుపెట్టేవాణ్ణి కాదు.

మా రైతులతో చిక్కంతా ఆలస్యమే. రామకుప్పం దగ్గర మునిరత్నమ్మ అనే రైతు మొదటి పంటలో నాతో పెద్ద వాదనే పెట్టుకుంది. "పసిపిందెను తుంచితే ఉసురు తగలదా సార్? ఇంగో దినం పెరగనీ" అనేది. ఆమె పెరగనిచ్చిన కాయలను మేం మూడుసార్లు వెనక్కి పంపాం. నాలుగోసారికి ఆమె దారికొచ్చింది. రెండో పంట నాటికి మా పరిధిలో ఆమె కోతే మేలైనది.

ఆ ఏడాది చివర్లో నాకు అలవాటు లేని పని ఒకటి అప్పగించారు. శ్రీలంక ఉత్తరాన కాల్పులు ఆగి ఏడాది దాటింది. అక్కడి చిన్న రైతుల చేత ఎగుమతి పంట పండించాలని ఒక సహాయ సంస్థ మా ఫ్యాక్టరీతో మాట్లాడుకుంది. అక్కడి ఒక ఊరి తరఫున ఒక రైతు వచ్చి రెండు నెలలు మా దగ్గర పని నేర్చుకోవాలి. తానే కోసి, గ్రేడు చేసి, నింపిన ఒక బారెల్ పరీక్షలో నెగ్గాలి. నెగ్గితే ఆ ఊళ్లో నలభై కుటుంబాలకు విత్తనం, కొనుగోలు ఒప్పందం దొరుకుతాయి. రెండుసార్లు ప్రయత్నించవచ్చు. రెండూ తప్పితే ఆ ఊరి పేరు కొట్టేసి ఇంకో ఊరు చూసుకుంటారు.

వచ్చినవాడి పేరు కందసామి. యాభై దాటిన మనిషి, తక్కువ మాట్లాడేవాడు. ఉల్లి, మిరప వేసిన చేతులు. కుప్పం వైపు తమిళం రానివాళ్లు అరుదు, నాకూ మాట్లాడటం, చదవడం వచ్చు కనుక భాషకు ఇబ్బంది లేకపోయింది. మునిరత్నమ్మ చేనులో పాదులు అప్పుడే కాపుకొచ్చాయి. అందులో పది సాళ్లు ఆయనకు విడిచిపెట్టాం.

గ్రేడింగు బల్ల దగ్గర కందసామికి వంక పెట్టలేకపోయాను. గేజ్ ముట్టుకోకుండా చేత్తో తడిమి గ్రేడు చెప్పేవాడు, పలకలో పెట్టి చూస్తే అదే నిజమయ్యేది. నాకు ముచ్చటేసింది. కోతకు వెళ్తే మాత్రం ఆ మనిషే వేరు. తీగ మీద చెయ్యి పడితే కాయా పిందే పూపిందే అన్నీ బుట్టలోకే. చెప్పినప్పుడల్లా తల ఊపేవాడు. సాయంత్రానికి సాలు బోడిగా ఉండేది.

మొదటి బారెల్‌ను రెండు వారాలు ఊరబెట్టి తెరిచాం. పైపొరలోనే ముడతలు పడ్డ పూపిందెలు తేలాయి. క్వాలిటీ విభాగం వాళ్లు కోసి చూసి, మెత్తబడ్డాయని రాసి వెనక్కి పంపారు. నాకు ఒళ్లు మండింది. నలభై ఇళ్ల కోసం వచ్చినవాడికి ఇంత అశ్రద్ధా అనుకున్నాను. నా దినచర్య రిపోర్టులో కందసామి పేరు ఎదురుగా "నిర్లక్ష్యం" అని రాశాను. ఆయనకూ ఆ మాటే చెప్పాను.

మునిరత్నమ్మ నన్ను పక్కకు పిలిచింది. "ఆయన కోసేది ఒకసారి సూడు సార్. సాలు దాటిపోయినంక మళ్లా తిరిగొచ్చి, ఇడిసిపెట్టిన పూపిందెల్ని గూడా కోస్తాండాడు. లెక్క తెలీనోడు అట్ట తిరిగిరాడు" అంది. నేను ఇన్నాళ్లుగా బుట్టలోకే చూశాను తప్ప మనిషిని చూడలేదు.

మధ్యాహ్నం సద్ది తినేటప్పుడు ఆమే ఆయన్ను తమిళంలో అడిగింది. కందసామి మెల్లిగా చెప్పాడు. పదేళ్లలో మూడుసార్లు పంటను పొలంలోనే వదిలి, పిల్లలను ఎత్తుకుని ఊరు విడిచారట. ఒకసారి ఉల్లి పీకడానికి ఇంకా రెండు రోజులే ఉందట. అప్పటినుంచి ఏ పంటయినా సాయంత్రానికి తీగ మీద ఉన్నది సాయంత్రమే కోసేవాళ్లట. రేపు కోద్దామని వదిలిన కాయను మళ్లీ చూసింది లేదన్నాడు. ఇక్కడ యుద్ధం లేదని తనకు తెలుసనీ, చేతికి తెలియడం లేదనీ అన్నాడు. నా చేతిలోని ఇనుప పలకను చూస్తే నాకే సిగ్గేసింది.

ఆ తర్వాతి శిక్షణ నాది కాదు, మునిరత్నమ్మది. ఆ సాయంత్రం పాత చీర అంచు చింపి, పది పూపిందెల పక్కన తీగకు ఎర్రపీలికలు కట్టింది. "వీటిని ముట్టొద్దప్పా. యాడికీ పోవు. రేప్పొద్దున ఈడనే ఉంటాయి" అని, ఒక్క క్షణం ఆగి, "ఏనుగులు రాకుంటే" అని కలిపింది. రామకుప్పం అడివంచు పొలాల్లో అది ఉత్త హాస్యం కాదు. అయినా కందసామి నవ్వడం నేను చూడటం అదే మొదలు.

మర్నాడు పొద్దున్నే ఆయన అందరికంటే ముందు చేనులో ఉన్నాడు. పది పీలికల దగ్గరా పది కాయలున్నాయి, సరిగ్గా మొదటి గ్రేడుకు వచ్చి. వాటిని కోయకుండా చాలాసేపు చూస్తూ నిలబడ్డాడు. ఆ సాయంత్రం ఇరవై పీలికలు కట్టారు. అయిదో రోజున పీలిక లేకుండానే సగం పిందెలను తీగ మీద వదిలి, వెనక్కి తిరక్కుండా గట్టెక్కాడు. మునిరత్నమ్మ మిగిలిన పీలికలను కొంగున ముడేసుకుంది.

రెండో బారెల్ నెగ్గింది. రిపోర్టులో "నిర్లక్ష్యం" అన్న మాట కొట్టేసి, పక్కన సంతకం పెట్టి, తప్పు నాదని రాశాను. అలా రాయడం మా ఆఫీసులో ఆనవాయితీ కాదు. పై అధికారి పిలిచి కారణం అడిగితే ఉన్నది చెప్పాను.

కందసామి ఊరి నుంచి రెండేళ్లు సరుకు వచ్చింది, ఒక్క బారెల్ కూడా వెనక్కి పోలేదు. ఆయన ఉత్తరాలను మునిరత్నమ్మ నా చేత చదివించుకునేది. అక్కడ మళ్లీ యుద్ధం మొదలయ్యాక సరుకు ఆగింది, ఉత్తరాలూ ఆగాయి. ఆయన సంగతి ఇప్పటికీ నాకు తెలియదు. తెలియకపోవడం బాధగానే ఉంటుంది.

రిటైరయ్యేదాకా, కొత్తగా చేరిన ఫీల్డ్ అసిస్టెంట్లకు గేజ్ ఇచ్చే ముందు ఒక మాట చెప్పేవాణ్ణి. రైతు బుట్ట చూడకముందే, అతని వెనకటి మూడు పంటలు ఏమయ్యాయో అడగమని. అందరూ అడగలేదు. అడిగినవాళ్ల రైతుల కాయ తక్కువసార్లు వెనక్కి వచ్చింది.