పంచాయతీ ఆఫీసులో ఆయన పేరు చెప్పిందెవరు?

దయ్యాల సంగతులు చెప్పేవాళ్ళంటే నాకు మొదటినుంచీ చిరాకు. మా బస్తీలో సగంమంది ఆడవాళ్ళకు చీకటిపడితే చెరుకు తోటలవైపు చూడాలంటే భయం. నాకూ భయమే, కాని అడవి పందులంటే. ఇంట్లో గిన్నె కిందపడితే పిల్లి ఎటు పోయిందా అని వెతికే మనిషిని నేను. ఇప్పుడు రాసేది చదివి నన్ను పిరికిదాన్ననో పిచ్చిదాన్ననో అనుకోవద్దని ముందే ఈ మాట చెబుతున్నాను.

ఇది అరవైల మొదట్లో సంగతి. బోధన్ దగ్గర చక్కెర ఫ్యాక్టరీని ఆనుకుని పెరిగిన ఒక బస్తీలో ఉండేవాళ్ళం. మా ఆయన ఫ్యాక్టరీలో కూలీ. ఆ ఏడు వానాకాలంలో ఆయనకు పచ్చకామెర్లు వచ్చాయి. ఆకుమందు పోయించాం, ఆస్పత్రికీ తీసుకుపోయాం, దక్కలేదు. అప్పటికి నాకు ఇరవై నిండలేదు. ఇంట్లో మిగిలింది నేను, ఇంకా నడక రాని నా బిడ్డ, మా అత్త.

ఫ్యాక్టరీలో చెరుకు క్రషింగ్ మొదలైన రోజుల్లో ఒక దారి దొరికింది. ఫ్యాక్టరీ బడిలో ఆయా పని ఖాళీ అయింది. పనిలో ఉండగా పోయినవాళ్ళ భార్యలకు ఇస్తామన్నారు. ఆ పని వస్తే మేముంటున్న గది కూడా మాకే ఉంటుంది. అయితే పంచాయతీ ఆఫీసు నుంచి మరణ రిజిస్టరు నకలు తెచ్చి శనివారం లోపల ఫ్యాక్టరీలో చూపించాలి. తేకపోతే గది ఖాళీ చేసి కందకుర్తిలో మా అన్నల ఇంటికి పోవాలి. అక్కడ వదినెల చేతికింద నా బతుకు, నా బిడ్డ బతుకు ఎట్లా తెల్లారుతాయో నాకు తెలుసు. అత్తకైతే పోవడానికి ఆ చోటు కూడా లేదు.

నేను నాలుగో తరగతి దాకా చదివాను. అర్జీ నేనే రాసుకుని, స్టాంపు అంటించుకుని, చదువు రాని పక్కింటివాళ్ళకు చూపించి గొప్పలు కూడా పోయాను. ఆ గొప్పంతా ఆఫీసు కిటికీ దగ్గర పోయింది.

రికార్డు చూసే ముసలాయనను అందరూ మున్షీ సాబ్ అనేవారు. మంచివాడే. ఆయనకు రాయడం, చదవడం ఉర్దూలో తప్ప రాదు. రిజిస్టర్లన్నీ ఇంకా ఉర్దూలోనే ఉన్నాయి. తెలుగు వచ్చిన గుమాస్తా సెలవులో ఉన్నాడు. నా అర్జీని అటూ ఇటూ తిప్పి చూసి, దళసరి అద్దాలలోంచి నావైపు చూశాడు.

"నాకు తెలుగు సదువ రాదు బిడ్డా. నోటితోని చెప్పు. పోయినాయన పేరేంది?"

మా దగ్గర ఆడది మొగుడి పేరు నోటితో అనదు. అంటే ఆయుష్షు తగ్గుతుందంటారు. పోయిన మనిషికి ఇంక తగ్గేదేముందని మీరు అడగవచ్చు. నేనూ ఆ కిటికీ దగ్గర నిలబడి అదే అడుక్కున్నాను. నోరు తెరిచాను కూడా. మాట రాలేదు. వెనక అరుగుమీద మగవాళ్ళు కూర్చుని బీడీలు తాగుతున్నారు. అందరి చూపులూ నా వీపు మీదే ఉన్నట్టనిపించింది. తల వంచుకుని ఇంటికి వచ్చేశాను. మున్షీ సాబ్ ఈరోజు రాలేదని అత్తకు అబద్ధం చెప్పాను.

మర్నాడు పోయాను, మళ్ళీ అంతే. పోనీ ఎవరినైనా తోడు తీసుకుపోదామంటే నామోషీ. అర్జీ నేనే రాశానని ఊరంతా చెప్పుకున్నదాన్ని, నోరు పెగలడం లేదని ఎట్లా చెప్పను? అత్త వస్తే కొడుకు పేరు చెప్పగలదు. కాని కొడుకు పోయిననాటి నుంచి ఆమె మంచం దిగడమే గగనంగా ఉంది. నీ కొడుకు సావు కాయితం కోసం నడువు అని ఆమెతో అనే ధైర్యం నాకు లేకపోయింది.

శనివారం వచ్చింది. పొద్దున్నే బిడ్డను అత్త పక్కన పడుకోబెట్టి పోయాను. ఈసారి ఎట్లాగైనా చెప్పేస్తానని దారిపొడుగునా మనసులో అనుకుంటూ పోయాను. మున్షీ సాబ్ మళ్ళీ అదే అడిగాడు. నేను మళ్ళీ చీర కొంగు మెలిపెడుతూ నిలబడ్డాను.

"మాట్లాడవేందమ్మా? పేరు లేనిది ఎవలని ఎతకాలె?" అన్నాడు. వెనక ఎవరో నవ్వారు. సిగ్గుతో నా చెవులు మండిపోయాయి.

అప్పుడు నా వెనకనుంచి ఒక గొంతు ఆయన పేరు చెప్పింది. తండ్రి పేరు చెప్పింది. ఇంటి పేరుతో సహా, తొందర లేకుండా, ఒక్కో మాట విడదీసి చెప్పింది.

కొంచెం బొంగురు గొంతు. మా ఆయనది అట్లాంటిదే. ఎవరో ఆయన షిఫ్టులో పనిచేసినవాడు నా అవస్థ చూడలేక సాయం చేస్తున్నాడనుకున్నాను. మగవాళ్ళ గొంతులు ఒకదానిలాగ ఒకటి ఉండడం వింతేమీ కాదు. తలెత్తకుండా వింటూ నిలబడ్డాను. మున్షీ సాబ్ ఏ నెలలో పోయాడని అడిగాడు, గొంతు చెప్పింది. ఏం బీమారి అని అడిగాడు, చెప్పింది. ఆయన పేజీలు తిప్పి, వేలు ఒకచోట ఆనించి, "దొరికింది" అన్నాడు.

"నకలు ఎవల పేరు మీద ఇయ్యాలె?"

"సక్కుబాయి" అంది గొంతు.

అది నా పేరు. మా ఆయన బతికున్నన్ని రోజులూ నన్ను పేరుపెట్టి పిలవలేదు. "ఇగో" అనేవాడు, "ఇంటున్నవా" అనేవాడు, అంతే. బస్తీలో అందరికీ నేను కందకుర్తామెను. నా అసలు పేరు అక్కడ ఆయనకు, అత్తకు తప్ప ఎవరికీ తెలియదు.

అప్పుడు నాకు భయం వేయలేదు. ఏడుపు కూడా రాలేదు. సిగ్గు ముంచుకొచ్చింది. నలుగురు మగవాళ్ళ ముందు మొగుడు పేరుపెట్టి పిలిస్తే కొత్త కోడలు ఎట్లా అయిపోతుందో అట్లా అయిపోయాను. కొంగు కళ్ళదాకా లాక్కుని, గోడకేసి మొహం తిప్పుకున్నాను.

కాసేపటికి మున్షీ సాబ్ ముద్ర వేసి కాగితం చేతికిస్తూ, "నీ ఎంట వచ్చినాయన అప్పుడే పోయిండా? ఎవలైతడమ్మా నీకు?" అన్నాడు. వెనక్కి తిరిగాను. ఎవరూ లేరు. అరుగుమీద వాళ్ళు నావైపే చూస్తున్నారు.

కాగితం చూపించాను. పని వచ్చింది, గది నిలబడింది. దాని వెంటే చెడ్డపేరూ వచ్చింది. మున్షీ సాబ్ పాపం మామూలుగానే ఎవరితోనో అన్నాడట, ఆమె వెనక పొడుగాటి మనిషి నిలబడ్డాడు, భుజాన తువ్వాల ఉంది, చెరుకు మడ్డి వాసన వచ్చింది అని. అరుగుమీదివాళ్ళు ఒక్కొక్కరు ఒక్కో మాట అన్నారు. ఆఫీసు వాకిట్లో కూర్చునే జవాను మాత్రం ఆమె ఒక్కతే వచ్చింది, ఒక్కతే పోయింది అన్నాడు. బస్తీకి మున్షీ మాటే రుచించింది. మొగుడు పోయి ఏడాది తిరగకముందే ఎవడినో వెంటేసుకుని తిరుగుతోందన్నారు. నల్లా దగ్గర నేను రాగానే మాటలు ఆగిపోయేవి. నేనేం చెప్పుకోను? వచ్చింది మా ఆయనే అని చెబితే ఎవరు నమ్ముతారు? నోరు మూసుకుని ఆ సిగ్గు కూడా మోశాను.

ఎన్నోసార్లు ఆలోచించాను. మున్షీ సాబ్‌కు చూపు సరిగా ఆనదు. మడ్డి వాసన చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసే ఎవరి ఒంటిమీదైనా వస్తుంది. మా ఆయన దోస్తులను వాళ్ళ భార్యల చేత అడిగించాను. మేం రాలేదన్నారు, ఆ పూట డ్యూటీలో ఉన్నామన్నారు. బహుశా నేనే ఆ పేర్లు చెప్పి ఉంటాననీ, సిగ్గులో నాకే తెలియలేదేమోననీ కూడా అనుకున్నాను. కాని ఆడదాని గొంతు విని మున్షీ సాబ్ మగవాడనుకుంటాడా? ఇన్నేళ్ళయినా నాకు అంతు చిక్కలేదు. మీకు చిక్కితే చెప్పండి.

బస్తీ మాటలు అత్త చెవిన కూడా పడ్డాయి. ఒక పొద్దు నేను బడికి బయలుదేరుతుంటే మంచంమీద లేచి కూర్చుంది.

"ఎవడే వాడు?" అంది.

వెనక్కి వచ్చి మంచం పక్కన కూర్చున్నాను. జరిగింది జరిగినట్టు చెప్పాను. తిడుతుందనుకున్నాను, కొడుతుందనుకున్నాను. ఆమె కదలకుండా విన్నది. తరువాత నా చెయ్యి పట్టుకుని దగ్గరికి లాక్కుంది.

"మొఖం ఎట్లున్నది బిడ్డా? కండ్లల్ల పచ్చదనం పోయిందా?"

పాపం, ఆమె చివరిసారి చూసినప్పుడు కొడుకు కళ్ళు పసుపు ముద్దల్లా ఉన్నాయి. నేను నేలచూపులు చూశాను.

"సూడలేదత్తా. సిగ్గయింది."

ఆమె చెయ్యి వదిలేసింది. గోడవైపు తిరిగి పడుకుంది. నేను బడికి పోయాను, పిల్లలకు నీళ్ళు పట్టాలి.