మా మేనత్త కాపలా కాసిన కుండీలు

మా నాన్నకు మొక్కలంటే ప్రాణమని ముత్తుకూరులో అందరూ అనుకునేవారు. ఆ ప్రాణం వేసవి సెలవుల ముందు మాత్రమే లేచి వస్తుందని మాకు తెలుసు. మిగతా ఏడాదంతా వసారాలోని కుండీల వంక ఆయన కన్నెత్తి చూసేవాడు కాదు. పక్కనే కూర్చుని పేపరు చదువుకుంటూ, కాఫీ గ్లాసు అడుగున మిగిలిన మడ్డి మాత్రం వాటిలో ఒంపేవాడు.

వాటిని పెంచింది మా మేనత్త. పెళ్లయిన కొద్దికాలానికే భర్త పోయి, అన్న ఇంటికి వచ్చేసిన మనిషి. మా పెరటి బావి నీళ్లు ఉప్పన. వాటితో గిన్నెలు తోమొచ్చు గాని, మొక్కకు పోస్తే ఆకు అంచులు మాడిపోతాయి. అందుకని ఊరి చివర మంచినీళ్ల బావి నుంచి మాకు తాగడానికి తెచ్చే నీళ్లతోపాటు మొక్కల కోసం ఇంకో బిందె మోసేది. పూసిన మల్లెలు, గులాబీలు అన్నీ అమ్మకు, అక్కకు, నాకు. తను పెట్టుకోకూడదు గదా.

ఏటా సెలవులకు సంగంలోని తాత ఇంటికి వెళ్లేవాళ్లం. మా వైపు పెళ్లిళ్లన్నీ ఆ రోజుల్లో, ఆ ఇంట్లోనే. బయల్దేరే ముందు నాన్న గొంతులోకి ఎక్కడలేని మెత్తదనం వచ్చేది.

"నువ్వు గూడా వస్తే ఈ కుండీలకు నీళ్లెవరు పోస్తారమ్మా? పాపం, ఎండిపోతాయి గదా."

శుభకార్యంలో విధవ ఎదురైతే చుట్టాలు మొహం చిట్లిస్తారని ఉన్నమాట చెప్పే దమ్ము లేదు. ఆయన హైస్కూలు హెడ్మాస్టరు. స్కూలు వార్షికోత్సవంలో సంఘసంస్కరణ మీద గంటల తరబడి దంచేవాడు. మూఢాచారాలను మట్టుబెట్టాలని బల్లగుద్దిన చేత్తోనే ఇంటికొచ్చి, కుండీలకు పొయ్యమని చెల్లెలికి నీళ్ల చెంబు అందించేవాడు. అమ్మ మాత్రం తక్కువదా? ఆ మాటలు వచ్చినప్పుడల్లా ఆమెకు వంటింట్లో ఏదో పని గుర్తొచ్చేది.

అక్క పెళ్లి కుదిరిన ఏడు అత్త ఊరుకోలేదు. అక్కను కని అమ్మ మంచం పడితే, పాలు పట్టింది, నడక నేర్పింది అత్తే. ఆ పెళ్లి తను చూడాలి. అంతే.

పెద్ద కడవలు తెచ్చి, ఇటుకల మీద ఎత్తుగా నిలబెట్టి, వాటి చుట్టూ కుండీలు చేర్చింది. పాత చీర చించి వత్తులు పేని, ఒక కొస కడవ నీళ్లలో వదిలి, రెండో కొస కుండీ మట్టిలో పూడ్చింది. గుడ్డ నీటిని పీల్చి కొంచెం కొంచెంగా మట్టికి అందించింది. రోజుల తరబడి చెయ్యి పెట్టకపోయినా మట్టి చల్లగానే ఉంది. అప్పుడు నాన్నను పిలిచి చూపించింది.

"నేను లేకపోయినా ఇవి బతుకుతాయి. నేనూ వస్తానన్నా."

నాన్న కుండీలో వేలు పెట్టి చూశాడు. తడి తగలగానే మొహం మాడిపోయింది.

"కాకులు తాగేస్తే?"

"మూతలు పెట్టినా."

"మేకలొస్తే?"

"తడిక కట్టించినా."

అంత చదువుకున్న మనిషికి ఇంకో జంతువు తోచలేదు. మర్నాడు నెల్లూరు వెళ్లి రిక్షా నిండా క్రోటన్లు వేయించుకుని బస్టాండుకు చేర్చి, ఎవరెవరినో బతిమాలి బస్సు మీద ఇంటికి తెచ్చాడు.

"కొత్త మొక్కలమ్మా. ఇవి నిలదొక్కుకునేదాకా మనిషి దగ్గరుండాల."

అత్త ఆ క్రోటన్ల వంక చూసింది, ఆయన వంక చూసింది. "అట్నే అన్నా" అంది. అక్కను ముందే సంగం పంపేశారు కాబట్టి ఈ భాగోతం ఆమెకు తెలియదు.

పెళ్లి పందిట్లో అక్క అటూ ఇటూ వెతికి, "అత్త ఏది?" అని అడిగింది. నాన్న అందరికీ వినబడేలా నవ్వాడు.

"ఎంత పిలిచినా రాలేదమ్మా. కుండీలు ఎండిపోతాయంట!"

చుట్టాలు విరగబడి నవ్వారు. పెంచిన పిల్ల పెళ్లికన్నా మొక్కలు ఎక్కువయ్యాయా అని ఒకావిడ బుగ్గలు నొక్కుకుంది. ఏళ్లుగా అదే మాట వింటున్న అక్క నమ్మేసింది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. అమ్మ తమలపాకులు సర్దుతూ తలెత్తలేదు. వాళ్లందరి మీద ఆనాడు పుట్టిన ఏవగింపు నాకు ఇప్పటికీ పోలేదు. పోవాలని నేను కోరుకోనూ లేదు.

సెలవులు ముగిసి మేం ముత్తుకూరు తిరిగొచ్చినప్పుడు అక్కా బావా కూడా మాతో వచ్చారు. గడపలో అడుగు పెడుతూనే అక్క అత్త మీద విరుచుకుపడింది.

"నాకన్నా ఆ మొక్కలే ఎక్కువైపోయినాయా నీకు?"

అత్త తడిక పక్కకు జరిపింది. క్రోటన్లు నిలువునా ఎండిపోయి ఉన్నాయి. ఆమె కన్నబిడ్డల్లా సాకిన మల్లె, గులాబీ కూడా పుల్లలై ఉన్నాయి. కడవలు బోర్లించి ఉన్నాయి.

"ఒక్క చెంబు పోయలేదు బిడ్డా. నేను ఆగింది వీటికోసమేనా, మీ నాయన్ని అడుగు."

అక్క నాన్న వైపు తిరిగింది. "చెప్పు నాన్నా" అంది.

హెడ్మాస్టరు గారు వంగి, ఎంతకీ ఊడిరాని చెప్పు వారుతో కుస్తీ పడుతూ ఉండిపోయారు.